గాజుల నుంచి క్యూఆర్ కోడ్ దాకా: చందా ఇచ్చినవాళ్లకు మనం చెప్పాల్సిన లెక్క

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పులు ఎంత, వసూళ్లు ఎంత అని పట్టికలు వేస్తాం. ఈసారి వాటితో పాటు కొంచెం పాత చరిత్ర కూడా రాయాలని కార్యవర్గంలో అనుకున్నాం. దానికి కారణం మనం చేసిన ఒక పొరపాటు. ముందు అది ఒప్పుకుని మొదలుపెడతాం.

తుఫాను వచ్చిన ఏడాది, ఇళ్లు పడిపోయిన మన సభ్యుల కోసం వాట్సాప్‌లో చందా అడిగాం. ఆ హడావుడిలో సమాఖ్య ఖాతా నంబరు కాకుండా మన అక్క ఒకామె ఫోన్ నంబరు పెట్టాం. డబ్బులు వచ్చాయి. బియ్యం, పప్పు, టార్పాలిన్ పట్టాలు కొని పంచాం. పైసా కూడా పక్కకి పోలేదు. కానీ ఎవరు ఎంత పంపారో రాసుకోలేదు. రసీదు ఇవ్వలేదు. ఏం కొన్నామో, ఎవరికి ఇచ్చామో పంపినవాళ్లకు తిరిగి చెప్పలేదు.

తర్వాతి ఏడాది ఆడపిల్లల చదువు కోసం మళ్లీ అడిగాం. చాలామంది దగ్గర నుంచి జవాబే లేదు. పట్నంలో ఉద్యోగం చేసే మన ఊరి అబ్బాయి ఒకడు మాత్రం ఫోన్ చేసి, "పెద్దమ్మా, పోయినసారి పంపింది ఏమైందో ఎవరూ చెప్పలేదు కదా" అన్నాడు. తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఊళ్లో నోటికో రకంగా తిరిగింది. ఫోన్ నంబరు ఇచ్చిన అక్క ఆ నెల మీటింగులో కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు, మనందరిదీ. లెక్క చెప్పకపోతే నిజాయితీగా పనిచేసిన మనిషి కూడా దోషిలా నిలబడాల్సి వస్తుందని అప్పుడు తెలిసింది.

మనకంటే ముందు ఆడవాళ్లు చందాలు ఎలా ఇచ్చారు, ఎలా వసూలు చేశారు అని ఆ తర్వాత వెతికి చూశాం.

1921: బెజవాడ, కాకినాడ

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో, అంటే ఇప్పటి విజయవాడలో, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి జూన్ నెలాఖరు లోపల కోటి రూపాయలు పోగుచెయ్యాలని అక్కడ తీర్మానం చేశారు. కోటి మంది సభ్యులను చేర్చాలి, 20 లక్షల రాట్నాలు తిరగాలి అనేవి మిగిలిన రెండు లక్ష్యాలు. అప్పట్లో మన ఊళ్లలో ఫోన్లు లేవు, బ్యాంకులూ లేవు. అయినా నిధి కోటి దాటింది. ఎంత కావాలి, ఎప్పటిలోగా కావాలి, దేనికి కావాలి అని ముందే తేల్చి చెప్పడం ఇందులో మనం నేర్చుకోవాల్సిన సంగతి. మనమేమో తుఫాను అప్పుడు "మీకు తోచినంత పంపండి" అని ఊరుకున్నాం.

ఆ రోజుల్లోనే గాంధీజీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతా ఎరిగిన మనిషి ఆమే. దేవదాసీ స్త్రీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు గాంధీజీని కలుసుకుంటే బాగుంటుందని ఆమెకు అనిపించింది. పెద్దలు అయిదు వేల రూపాయల నిధి ఇస్తే కలిపిస్తామన్నారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఆ స్త్రీలే దాన్ని సమకూర్చారు. గాంధీజీ మాట విన్నాక చాలామంది ఒంటిమీది నగలు కూడా తీసి ఇచ్చారు. దుర్గాబాయి తన బంగారు గాజులు ఇచ్చేసింది. పొలం, ఇల్లు ఆడవాళ్ల పేరున లేని కాలంలో ఆమెది అని చెప్పుకోగలిగింది ఒంటిమీది నగే. దాన్ని ఇవ్వడమంటే ఉన్నదంతా నమ్మి చేతిలో పెట్టడమే.

అంత నమ్మకాన్ని అందుకునేవాళ్లు ఎలా ఉండాలో 1934లో ఒకసారి కనిపించింది. హరిజన యాత్రలో గాంధీజీ కేరళలోని వడకరకు వెళ్లినప్పుడు కౌముది అనే అమ్మాయి తన గాజులు, గొలుసు, కమ్మలు అన్నీ ఇచ్చింది. ఆయన వెంటనే మూటకట్టుకోలేదు. ఇంట్లోవాళ్ల సమ్మతి ఉందా అని, వీటికి బదులు మళ్లీ నగలు చేయించమని అడగవు కదా అని అడిగారు. ఇచ్చేమనిషి ఇష్టపడి, తెలిసి ఇస్తోందా అని చూసుకోవడం పుచ్చుకునేవాళ్ల పని. జాలిపెట్టి, మొహమాటపెట్టి లాక్కుంటే అది చందా కాదు.

టికెట్ అడిగిన అమ్మాయి

దుర్గాబాయి గురించి ఇంకొక సంగతి మన సభ్యులు చాలామంది వినే ఉంటారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆమె ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు. ఆమె లోపలికి వెళ్లనివ్వలేదు. టికెట్ కొన్నాకే పంపింది. పెద్దమనిషికి ఒక రూలు, మామూలు మనిషికి ఒక రూలు ఉండకూడదని చిన్నతనంలోనే చూపించింది.

1937లో ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. అలాంటి సంస్థ నిలబడాలంటే దాతల గడప తొక్కక తప్పదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే. దేశంలోని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడానికి ఏర్పాటైన బోర్డు అది. అంటే అడిగే చెయ్యి, ఇచ్చే చెయ్యి రెండూ ఆమెకు తెలుసు. మనం కూడా అలాగే ఉన్నాం. బ్యాంకు దగ్గర, దాతల దగ్గర అడుగుతాం. మన సభ్యులకు మనమే అప్పు ఇస్తాం. అప్పు తీసుకున్న అక్కను "దేనికి వాడావు?" అని అడిగే మనం, దాతకు అదే జవాబు ఎందుకు చెప్పలేదు?

మన మినిట్స్ పుస్తకమే మన బడి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా మీద పోయే డబ్బు ఇంట్లో నిలబెట్టాలని అదే జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. 1992లోనే నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని ప్రారంభించింది. చదువురాని ఆడవాళ్లకు బ్యాంకులు ఎందుకు అప్పిచ్చాయి? మనం వారం వారం కూర్చుని, డబ్బు అందరి ముందూ లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, వేలిముద్రలు వేశాం కాబట్టి. ఆ పద్ధతి మనకి కొత్త కాదు. పొదుపు విషయంలో పాటించి, చందా విషయంలో మర్చిపోయాం, అంతే.

ఫోటో చూసి డబ్బిచ్చే కాలం

2005లో అమెరికాలో కివా అనే సంస్థ ఇంటర్నెట్‌లో ఒక ఏర్పాటు చేసింది. వేరే దేశాల పేద మహిళల ఫోటో, కథ చూసి ఎవరైనా 25 డాలర్లు అప్పుగా ఇవ్వొచ్చు. మనం నొక్కగానే ఈ డబ్బు ఆ ఫోటోలో ఉన్నామెకే వెళ్తుందని చాలామంది అనుకున్నారు. 2009లో డేవిడ్ రూడ్‌మన్ అనే పరిశోధకుడు అసలు సంగతి రాశాడు. స్థానిక సంస్థ చాలాసార్లు ఆమెకు ముందే అప్పు ఇచ్చేసి ఉంటుంది, తర్వాత వచ్చే డబ్బు ఆ సంస్థకి చేరుతుంది. పద్ధతిలో మోసం లేదు, కానీ చెప్పిన తీరు వేరుగా ఉంది. కివా తన మాటలు మార్చుకుని, డబ్బు ఎలా నడుస్తుందో వివరంగా రాసింది. సంస్థ మూతపడలేదు, ఇప్పటికీ నడుస్తోంది. నిజం చెప్తే దాతలు పారిపోతారన్న భయం అక్కర్లేదు.

ఫోటో సంగతి మనకీ ఒక పాఠం. తుఫాను అప్పుడు కూలిన గోడ ముందు ఏడుస్తున్న మన చెల్లెలు ఒకామె ఫోటో పెట్టాం. ఆమెను అడగలేదు. అది తిరిగి తిరిగి ఆమె కూతురి అత్తగారింటికి చేరింది. ఆ పిల్ల పడిన సిగ్గు ఏ టార్పాలిన్ పట్టా కప్పుతుంది?

ఫోన్‌లో డబ్బు, చట్టంలో మాట

2016లో యూపీఐ వచ్చాక పది రూపాయలు కూడా క్షణంలో పంపొచ్చు. అది మంచిదే. కానీ క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాదో చూసుకోవాలి. స్కాన్ చెయ్యగానే సమాఖ్య పేరు కనిపించాలి, మనిషి పేరు కాదు. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కాల్సిన పని లేదు. ఎవరైనా "విరాళం పంపుతున్నా, పిన్ నొక్కండి" అంటే అది మోసమే.

ఆదాయపు పన్ను చట్టం దాతలకు ఇచ్చిన మినహాయింపును అందరూ 80జి అంటారు. అది అందుకు నమోదైన సంస్థలకే వర్తిస్తుంది. 2017 నుంచి రెండు వేలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. మన సమాఖ్యకు ఆ నమోదు లేదు. కాబట్టి పన్ను తగ్గుతుందని ఎవరికీ ఆశ పెట్టకండి.

అమెరికా, లండన్‌లలో ఉన్న మన ఊరి పిల్లల దగ్గర అడిగేటప్పుడు ఒక్క ప్రశ్న ముందు వెయ్యాలి: "నీది ఏ దేశం పాస్‌పోర్టు, నాయనా?" భారత పౌరులు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే వస్తుంది. 1976లో మొదలై 2010లో కొత్తగా రాసిన విదేశీ విరాళాల చట్టం ప్రకారం అలాంటి డబ్బు తీసుకోవాలంటే అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. మనకి ఆ అనుమతి లేదు. ప్రేమతో పంపినా తీసుకోకూడదు.

ఈ ఏడాది చేసిన పని

ఇదంతా చర్చించుకుని తీర్మానం రాసుకున్నాం. చందా సమాఖ్య ఖాతాకే రావాలి. వచ్చిన రోజే రసీదు వెళ్లాలి. ఖర్చయ్యాక లెక్క వెళ్లాలి, మిగిలినదెంతో కూడా చెప్పాలి. సభ్యురాలు ఒప్పుకోకుండా ఆమె ఫోటో, పేరు, కష్టం బయటికి పోకూడదు. రెండుసార్లు అడిగితే మధ్యలో ఒక్కసారైనా ఏమీ అడగకుండా, జరిగిన పని చెప్పడానికే కబురు పెట్టాలి.

ఆ తీర్మానం రాసుకున్నాక ముందు చందా అడగలేదు. పాత లెక్క తవ్వాం. ఆ అక్క బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి, బుక్ కీపర్లు మూడు రోజులు కూర్చుని, ఎవరు ఎంత పంపారో వరసగా రాశారు. కొనుగోలు బిల్లులు దొరికినవి జతచేశాం. దొరకనివి దొరకలేదనే రాశాం. గ్రామ సమాఖ్య మీటింగుల్లో చదివి వినిపించి, పంపిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి చెప్పాం. పట్నం అబ్బాయికి ఆ అక్క తనే ఫోన్ చేసింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆడపిల్లల చదువుకి తర్వాత అడిగినప్పుడు కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లను మన జాబితా నుంచి తీసెయ్యలేదు. ఒకప్పుడు నమ్మి ఇచ్చినవాళ్లు కాబట్టి వాళ్లకీ ఈ ఏడాది లెక్క పంపుతున్నాం.