వేరు దగ్గరి సాక్ష్యం: శిలీంధ్రాలను అణచే బాక్టీరియా గురించి రుజువులు ఎంతవరకు?

సూడోమోనాస్ పొడితో విత్తన శుద్ధి, అగ్గి తెగులుకు సూడోమోనాస్ పిచికారీ అన్న సలహాలు తెలుగు రైతుకు ఇప్పుడు కొత్త కావు. కొన్ని బాక్టీరియా శిలీంధ్రాలను అణచివేస్తాయన్నది దాదాపు అందరూ ఒప్పుకున్న మాటే. అయితే అది ఎలా జరుగుతుంది, పొలంలో ఏ మేరకు జరుగుతుంది అన్న ప్రశ్నలకు దొరికే సాక్ష్యాలన్నీ ఒకే బరువు గలవి కావు. గాజు పళ్లెంలో బాక్టీరియా చుట్టూ బూజు పెరగని ఖాళీ వలయం కనిపించినంత మాత్రాన వేరు మీదా అదే జరుగుతుందని చెప్పలేం. ఆధారాలు బాగా చిక్కగా ఉన్నది గోధుమ వేళ్లను నల్లబరిచి కుళ్లబెట్టే టేక్-ఆల్ తెగులు విషయంలో. కనుక పరిశీలన అక్కడి నుంచి మొదలుపెట్టడం సబబు.

1. ఒకే పొలంలో ఏటా గోధుమే వేస్తే మొదటి కొన్నేళ్లు ఈ తెగులు ముదురుతుంది. ఒకసారి తీవ్రంగా వచ్చాక, పంట మార్చకపోయినా, చాలాచోట్ల తగ్గుముఖం పడుతుంది. దీనికి వాతావరణం, నేలలోని పోషకాలు, శిలీంధ్రమే బలహీనపడటం వంటి కారణాలు ఊహించవచ్చు. 1970లలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్. జేమ్స్ కుక్, ఆయన సహచరులు చేసిన పరీక్షలు ఈ ఊహలను కొంత వడగట్టాయి. తెగులు తగ్గిన పొలం మట్టిని, బరువులో నూటికి ఒకటో వంతు చొప్పున, క్రిములను చంపిన మట్టిలో కలిపితే రక్షణ గుణమూ దానితోపాటు వచ్చింది. అదే మట్టిని 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట వేడిచేస్తే ఆ గుణం పోయింది. కేవలం పోషకాలే కారణమైతే ఇలా జరగడం కష్టం. కారణం ప్రాణమున్నదేనని, బహుశా వేడికి తట్టుకోలేని బాక్టీరియా అని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం. అది ఏ బాక్టీరియా అన్నది మాత్రం ఈ పరీక్షల వల్ల తేలదు.

2. ఆ తర్వాత, బాక్టీరియా శిలీంధ్రాలను ఎలా అణచుతాయన్న దానికి రెండు వివరణలు ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. పత్తి మొలకల మీద పనిచేసిన హావెల్, స్టిపనోవిక్ 1979, 1980 వ్యాసాల్లో బాక్టీరియా తయారుచేసే యాంటీబయాటిక్‌లను ముందుకు తెచ్చారు. మొలకలను కుళ్లబెట్టే రైజోక్టోనియాకు పైరోల్‌నైట్రిన్, పైథియంకు పయోల్యూటెయోరిన్ విరుగుడని వారి ఫలితాలు సూచించాయి. 1980లోనే క్లోపర్, ష్రోత్ తదితరులు ఇనుము వైపు చూపించారు. సిడెరోఫోర్ అనే పదార్థంతో బాక్టీరియా ఇనుమును ముందే పట్టేసుకుంటే శిలీంధ్రానికి కరువు ఏర్పడుతుందని వారి వాదన. రెండు బృందాలూ శుద్ధిచేసిన పదార్థాన్ని వాడి రక్షణ చూపించాయి. కానీ ఒక పదార్థం పనిచేయగలదని చూపడం వేరు, బాక్టీరియా దాన్ని వేరు మీద చాలినంత తయారుచేస్తోందని చూపడం వేరు.

3. ఈ లోటును పూరించడానికి గట్టి ప్రయత్నం థామషో, వెల్లర్‌లది. గోధుమ వేళ్ల నుంచి తీసిన 2-79 అనే సూడోమోనాస్ స్ట్రెయిన్‌లో ఫినజీన్ యాంటీబయాటిక్ తయారీ జన్యువులను చెడగొడితే రక్షణ తగ్గిందని, ఆ సామర్థ్యాన్ని తిరిగి ఇస్తే రక్షణా తిరిగి వచ్చిందని 1988లో ప్రకటించారు. 1990లో అదే పదార్థం, నానోగ్రాముల లెక్కలోనే అయినా, గోధుమ వేళ్ల దగ్గర దొరికింది. 1991లో ఈ స్ట్రెయిన్‌కే చేసిన పరీక్షల్లో సిడెరోఫోర్ పాత్ర స్వల్పమని తేలింది. దీన్నిబట్టి ఇనుము వాదన అంతా తప్పనడం తొందరపాటే అవుతుంది. ఇనుము వాదనను పరీక్షించిన స్ట్రెయిన్ వేరు. పైగా జన్యువు చెడిన 2-79లోనూ రక్షణ పూర్తిగా పోలేదు కనుక ఫినజీన్ ఒక్కటే కారణమనీ అనలేం.

4. పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాత వ్యాసాల్లో సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్‌గా నమోదైన పీఎఫ్-5 స్ట్రెయిన్‌ను 2011 తర్వాత సూడోమోనాస్ ప్రొటెజెన్స్ కింద చేర్చారు. కాబట్టి ఒక స్ట్రెయిన్ ఫలితాన్ని ఆ పేరున్న ప్రతి ప్యాకెట్‌కూ అన్వయించకూడదు.

5. ఇక సంఖ్య. తెగులు తగ్గిన వాషింగ్టన్ నేలల్లో డీఏపీజీ అనే మరో యాంటీబయాటిక్ తయారుచేసే సూడోమోనాస్, గ్రాము వేరుకు సుమారు లక్ష, అంతకు పైగా ఉన్నట్లు రాయ్‌మేకర్స్, వెల్లర్ 1997, 1998లలో చూపారు. తెగులు తగ్గని నేలల్లో వాటి సంఖ్య చాలా తక్కువ, లేదా లెక్కకు అందనంత స్వల్పం. అక్కడ వాటిని ఆ మోతాదులో చేరిస్తే తెగులు తగ్గింది. మొదటి అంశంలో తెలియకుండా మిగిలిన బాక్టీరియా ఆ నేలల మటుకు ప్రధానంగా ఇదే కావచ్చు. నెదర్లాండ్స్ నేలల్లోని డీఏపీజీ రకాలు వాషింగ్టన్ రకాలతో పూర్తిగా కలవకపోవడం వల్ల, ఒక ప్రాంతపు స్ట్రెయిన్ మరోచోట అంతే బాగా నిలుస్తుందని ముందుగా అనుకోలేం.

6. మన వేరుశనగకు సంబంధించిన సాక్ష్యం పరిమాణంలో చిన్నది, కానీ విలువైనది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పొదిలె అప్పారావు బృందం బాసిల్లస్ సబ్టిలిస్ ఏఎఫ్1 స్ట్రెయిన్ మొదలుకుళ్లు తెగులు కలిగించే ఆస్పర్జిల్లస్ నైజర్ పోగులను కరిగిస్తుందని 1996లో వివరించింది. అదే స్ట్రెయిన్ వేరుశనగలో లైపాక్సిజనేజ్ అనే ఎంజైమును త్వరగా ప్రేరేపిస్తుందని 1998 వ్యాసం చెబుతోంది. అంటే శత్రువును కరిగించడం, మొక్కను మేల్కొలపడం రెండూ జరుగుతూ ఉండవచ్చు. వీటిలో దేని వాటా ఎంతో ఈ రెండు ఫలితాలనుంచి విడదీయలేం. ఎంజైము మిశ్రమాలకన్నా బతికున్న కణాలే వేరుశనగ తుప్పు తెగులు మీద మెరుగ్గా పనిచేశాయన్న 2004 ఫలితం మాత్రం గమనించదగ్గది.

7. కణాలు బతికి ఉండాలంటే నిల్వ ముఖ్యం. తమిళనాడులో విద్యాశేఖరన్, ముత్తమిలన్ 1995లో ప్రచురించిన శనగ ఎండు తెగులు పరిశోధనలో, టాల్క్ పొడిలోని పీఎఫ్1 అనే సూడోమోనాస్ బాక్టీరియా మొదట గ్రాముకు 37.5 కోట్లు, ఎనిమిది నెలలకు 1.3 కోట్లు. ఇది వైఫల్యం కాదు, మిగిలిందీ పెద్ద సంఖ్యే. కానీ పొడిలోని లెక్కను వేరు మీది లక్షతో నేరుగా పోల్చలేం. మధ్యలో విత్తనం తడి, నేల వేడి, అప్పటికే అక్కడున్న సూక్ష్మజీవుల పోటీ ఉన్నాయి. వేరుశనగ పండే అనంతపురం ఎర్రనేలల్లో ఏ స్ట్రెయిన్ పరీక్షించినా, విత్తాక రెండు మూడు వారాలకు వేరు మీద అది ఎంత మిగిలిందో లెక్కించి, ఆ అంకెను దిగుబడి పక్కనే అచ్చువేయాలి. అది లేకుండా తెగులు తగ్గకపోతే, తప్పు స్ట్రెయిన్‌దా, పొడిదా, నేలదా అన్నది రైతుకుగానీ పరిశోధకునికిగానీ తెలిసే దారి లేదు.