ఆగని లెక్కలు – మారు ట్రిగ్గర్లు

తుపాకి మీటను నొక్కినంతనే గుండు వెలువడును. కంప్యూటరులో భద్రపరచిన పట్టికలకు కూడ ఇట్టి మీట కలదు. ఈ పట్టికల సముదాయమే డేటాబేసు. పట్టికలో ఒక పద్దు చేరినను, మారినను, తొలగినను తనంత తానే నడచు చిన్న ప్రోగ్రామును 'ట్రిగ్గరు' అందురు. ఖాతాలోని నిలువ మారినప్పుడెల్ల ఆ మార్పును వేరొక పట్టికలో వ్రాసియుంచుట దాని పనులలో నొకటి.

సమాచారమును పట్టికల రూపమున నిలుపు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను. కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో గల ఆ సంస్థ పరిశోధనశాల 'సిస్టం ఆర్' అను పేర దానిని ఆచరణకు తెచ్చెను. అచ్చటనే 1976లో కె. పి. ఈశ్వరన్ ట్రిగ్గర్ల నిర్మాణమును గూర్చి నివేదిక వెలువరించెను. 1999లో ఎస్.క్యు.ఎల్. భాషా ప్రమాణమున ట్రిగ్గర్లకు స్థానము లభించెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. కాలక్రమమున నియమములు మారును. ట్రిగ్గరును తిరిగి వ్రాయవలసి వచ్చును. సాధారణ ప్రోగ్రామైనచో పాత ప్రతిని ఒక యంత్రముపై, క్రొత్త ప్రతిని మరియొక యంత్రముపై నడపవచ్చును. ట్రిగ్గరు అట్లు కాదు. అందరును వాడు పట్టికనే అది అంటిపెట్టుకొని యుండును. దానిని మార్చిన మరుక్షణమే, పాత ప్రోగ్రాముతో పనిచేయుచున్నవారి పద్దులకు కూడ క్రొత్త నియమమే వర్తించును. లెక్కలు తారుమారగు ప్రమాదమున్నది. అందుచే పని నిలిపి మార్పు చేయుట పరిపాటి. రాత్రింబగళ్లు నడచు బ్యాంకులకు అట్టి విరామము దుర్లభము.

2009లో వెలువడిన ఒరాకిల్ 11జి రెండవ విడుదల దీనికొక మార్గము చూపెను. ఒకే పేరుగల ట్రిగ్గరునకు పాత, క్రొత్త కూర్పులు ఒకే డేటాబేసులో ప్రక్కప్రక్కన నుండవచ్చును. పాత కూర్పులో నున్నవారికి పాతదియే, క్రొత్త కూర్పున ప్రవేశించినవారికి క్రొత్తదియే నడచును.

కాని పట్టికకు కూర్పులు లేవు, అది ఒక్కటే. ఉదాహరణకు, పాత కూర్పు ఇంటిపేరును, పేరును ఒకే గడిలో వ్రాయుననుకొందము. క్రొత్తది రెండు గడులు కోరును. రెండింటికి పొత్తు కుదుర్చుటకు వేరే రెండు ట్రిగ్గర్లు వలయును. ఒకటి పాతవారు వ్రాసినదానిని విడదీసి క్రొత్త గడులలో నింపును. రెండవది క్రొత్తవారు వ్రాసినదానిని కలిపి పాత గడిలో చేర్చును. ఇంటిపేరు లేని పేరు వచ్చినచో ఏమి చేయవలెనో ముందే నిర్ణయింపవలెను. ఈ వంతెనలో పొరపాటు జరిగినచో రెండు కూర్పులును చెడును. పాత కూర్పును వాడు చివరి వ్యక్తి వెడలిన పిమ్మట ఈ వంతెనలను తొలగింతురు.

నియమమునకు ఎన్ని కూర్పులైనను ఉండవచ్చును. ఖాతాదారుని సొమ్మునకు మాత్రము లెక్క ఒక్కటే ఉండవలెను.