చలిజ్వరం మాత్ర వెనుక లెక్క

మన తాతల కాలంలో కొండకు కొత్తగా వచ్చినవారు మొదట భయపడింది మన్యం జ్వరానికే. 1879 నాటి రంప పితూరీని అణచడానికి వచ్చిన సైనికులను కూడా ఆ జ్వరం మంచాన పడేసింది. అప్పటి మందు సింకోనా బెరడు నుంచి తీసే క్వినైన్. దాని కోసం ప్రభుత్వమే నీలగిరుల్లో తోటలు వేసింది.

తర్వాత చౌకగా దొరికే క్లోరోక్విన్ వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ పిచికారీతో, ఈ మాత్రలతో 1965 నాటికి దేశంలో కేసులు సుమారు లక్షకు తగ్గాయి. పట్టు సడలింది. 1976లో అవే కేసులు 64 లక్షలు దాటాయి. ఈలోగా, 1973లో, అస్సాంలోని కర్బీ ఆంగ్లాంగ్‌లో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మలేరియా బయటపడింది. తర్వాత అది తూర్పు కనుమలకూ పాకింది.

మందు సగమే వేసుకుంటే బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. దోమ ఆ మొండివాటినే పక్కింటికి మోసుకుపోతుంది.

చైనాలో తూ యూయూ బృందం 1972లో ఒక మొక్క నుంచి ఆర్టిమిసినిన్ తీసింది. అదీ చేజారకుండా మరో మందుతో జతచేసి ఇవ్వాలన్నారు. ఒకదాన్ని తట్టుకున్న క్రిమిని రెండోది చంపుతుంది. చిక్కల్లా ధర దగ్గరే వచ్చింది. క్లోరోక్విన్ పూర్తి కోర్సు సుమారు 10 సెంట్లయితే, జంట మందు 2 డాలర్లు దాటింది. పేదవాడు చౌక మాత్రే కొంటాడు, అది పనిచేయదు. అందుకే 2004లో ఆర్థికవేత్త కెన్నెత్ యారో నాయకత్వంలోని అమెరికా సంఘం ఒక మాట చెప్పింది: ఖర్చును ప్రపంచమంతా కలిసి భరించాలి, రోగికి మాత్రం కొత్త మందు క్లోరోక్విన్ ధరకే అందాలి.

మన దేశం నోటి ద్వారా వేసుకునే ఒంటరి ఆర్టిమిసినిన్ మాత్రలను 2009లో నిషేధించింది. 2010 నుంచి ఫాల్సిపారం రోగులందరికీ జంట మందే విధానం. వయసును బట్టి రంగురంగుల అట్టల్లో అది ఆశా కార్యకర్త చేతికి ఉచితంగా వస్తుంది.

మా హాస్టల్లో రెండో రోజు జ్వరం దిగగానే "తగ్గిపోయింది మేడమ్" అని మిగతా మాత్రలు ట్రంకుపెట్టెలో దాచిన పిల్లలున్నారు. అందుకే ఇప్పుడు మూడు రోజులూ నా ఎదుటే మింగిస్తాను. ఈశాన్య రాష్ట్రాల్లో ఆ జంటలోని తోడు మందు పనిచేయక 2013లో దాన్ని మార్చాల్సి వచ్చింది. ప్రతిసారీ కొత్త మందు రావడానికి ఏళ్లు పడుతుంది, కోట్లు ఖర్చవుతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జ్వరం వస్తే సంతలో రెండు మాత్రలు కొని సరిపెట్టుకోవద్దు. రక్తపరీక్ష చేయించుకోండి. ఇచ్చిన అట్ట పూర్తి చేయండి. ఇంట్లో అమ్మానాన్నల చేతా చేయించండి.