కరిగించకుండా చేసే ఉక్కు: ఓడీఎస్ పుట్టుపూర్వోత్తరాలు

ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరులో ఇంధనాన్ని సన్నని లోహపు గొట్టాల్లో నింపి, రెండు కొసలూ మూసి, ద్రవ సోడియం నడుమ నిలబెడతారు. లోపలి వేడినీ, ఇంధనం వెలువరించే వాయువుల ఒత్తిడినీ, వేగంగా దూసుకొచ్చే న్యూట్రాన్ల తాకిడినీ ఈ గొట్టం దీర్ఘకాలం తట్టుకోవాలి. తొలితరం రియాక్టర్లలో ఇందుకు నికెల్ కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలును వాడారు. అయితే న్యూట్రాన్ల దెబ్బకు ఆ లోహంలో అతి సూక్ష్మమైన రంధ్రాలు ఏర్పడుతున్నాయని బ్రిటన్‌లోని డౌన్‌రే రియాక్టరు నమూనాలను పరిశీలించిన కాథోర్న్, ఫుల్టన్ 1967లో వెల్లడించారు. ఈ రంధ్రాల వల్ల లోహం ఉబ్బుతుంది. ఫెర్రిటిక్ ఉక్కు అంతగా ఉబ్బదు గాని, 600 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి క్రీప్ బాధ, అంటే ఎడతెగని ఒత్తిడికి లోహం కొద్దికొద్దిగా సాగిపోవడం, ఎక్కువవుతుంది.

ఈ లోపానికి విరుగుడు జెట్ ఇంజన్ల రంగం నుంచి వచ్చింది. 1960లలో అమెరికాలోని ఇన్‌కో సంస్థలో జాన్ బెంజమిన్ నికెల్ మిశ్రలోహాల కోసం మెకానికల్ అల్లాయింగ్ పద్ధతిని రూపొందించారు. ఉక్కు గుళ్లు తిరిగే మరలో లోహపు పొడినీ ఆక్సైడు పొడినీ గంటల తరబడి ఆడిస్తే, రేణువులు నలిగి, అతుక్కుని, విరిగి, మళ్లీ అతుక్కుని, మడత కాజా పిండిలా పొరలు పొరలుగా ఒకటైపోతాయి. ఉక్కులో ఇలా చేరిన ఇట్రియా, అంటే ఇట్రియం ఆక్సైడు, టైటానియంతో కలిసి కొద్ది నానోమీటర్ల కణాలుగా లోహమంతటా పరుచుకుని, స్ఫటికాల్లోని లోపాలు కదలకుండా అడ్డుపడుతుంది. ఆక్సైడు పరిక్షేపణతో బలపడిన ఈ లోహమే ఓడీఎస్ ఉక్కు.

భారతదేశంలో ఈ కృషికి కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం పూనుకోగా, హైదరాబాదులోని రెండు సంస్థలు చేయి కలిపాయి. సుమారు 9 శాతం క్రోమియం, 2 శాతం టంగ్‌స్టన్ ఉన్న ఉక్కు పొడికి 0.35 శాతం ఇట్రియాను చేర్చి మరలో ఆడించే పని బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ చేపట్టింది. ఆ పొడిని వేడిమీద కడ్డీలుగా, గొట్టాలుగా సాగదీసే పని మౌలాలి వైపున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ చూసింది. అలా వచ్చిన గొట్టం వెలుపలి వ్యాసం 6.6 మిల్లీమీటర్లు, గోడ మందం 0.45 మిల్లీమీటర్లు. సాగదీసినప్పుడు లోహపు రేణువులు గొట్టం పొడవునా నిడుపుగా మారడంతో అడ్డంగా దాని బలం తగ్గుతుంది. 9 శాతం క్రోమియం ఉక్కును వేడిచేసి చల్లార్చితే స్ఫటిక నిర్మాణం మారి ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. ఆ పాళ్లను ఎంచుకోవడంలోని సొగసు అదే.

అసలు చిక్కు కొసలు మూసేటప్పుడు ఎదురవుతుంది. మామూలు వెల్డింగ్‌లో ఉక్కు కరుగుతుంది. కరిగితే తేలికైన ఇట్రియా పైకి తేలి ముద్దలు కడుతుంది, అతుకు దగ్గర ఆ లోహం సాధారణ ఉక్కుగా మిగులుతుంది. అందుకే లోహాన్ని కరిగించకుండా అతికే పద్ధతులపై పరిశోధనలు సాగాయి. జపాన్‌లో అభివృద్ధి చేసిన ప్రెషర్ రెసిస్టెన్స్ వెల్డింగ్‌లో, మూతను గొట్టానికి గట్టిగా అదిమి, క్షణకాలం భారీ విద్యుత్తు పంపి, మెత్తబడిన లోహాలను ఒత్తిడితోనే ఏకం చేస్తారు. 1991లో బ్రిటన్‌లోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ ఓడీఎస్ పలకలకు అనువైనది. సన్నని గొట్టపు మూతకు అయస్కాంత తాకిడితో అతికే పద్ధతినీ పరీక్షించారు.

కల్పాక్కంలోని 500 మెగావాట్ల రియాక్టరు డీ9 అనే స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టాలతో రూపొందింది; ఓడీఎస్ ఉక్కు దాని తరవాతి రియాక్టర్ల కోసం ఉద్దేశించినది. పొడి దశ నుంచి మూత దశ దాకా ఎక్కడా కరిగించకుండా నడపగలిగినప్పుడే ఈ లోహానికి దాని బలం దక్కుతుంది. కాబట్టి గొట్టాన్ని తయారుచేయడంతో సగం పని మాత్రమే తీరుతుంది. అంతే పటిష్ఠంగా అతికే విద్యను సాధించినప్పుడే ఈ కృషి నెరవేరినట్లు.