తొలితరం స్మార్ట్‌ఫోన్లలో తెలుగు

తొలితరం స్మార్ట్‌ఫోన్లు అనగా సుమారు 2003 నుండి 2012 వరకు భారతదేశంలో అమ్ముడుపోయిన సింబియన్, ఐఫోన్, ఆండ్రాయిడ్ చరవాణులు. జావా అనువర్తనాలు నడపగలిగిన సాధారణ ఫోన్లను కూడా వాడుకరులు ఈ కోవలోనే చేర్చేవారు. వీటిలో అధిక భాగం తెలుగు అక్షరాలను స్వయంగా చూపలేకపోయేవి. ఫోను తయారుచేసిన సంస్థ గాని, సిమ్ కార్డు ఇచ్చిన సంస్థ గాని కాక బయటివారు తయారుచేసిన అనువర్తనాలే (థర్డ్ పార్టీ ఆప్స్) ఆ లోటును చాలవరకు తీర్చాయి. అయితే ఆ అనువర్తనాలు ఎంతవరకు ఉపయోగపడతాయన్నది ఊరిలోని టవరు ఇచ్చే వేగంపై ఆధారపడి ఉండేది. లిపి, వేగం అన్నవి రెండు వేరువేరు సమస్యలుగా కనిపించినా తెలుగువారి విషయంలో అవి ఒకదానితో ఒకటి ముడిపడినవి. ఈ వ్యాసంలో కృష్ణా డెల్టా దిగువ ప్రాంతాన్ని, అనగా మచిలీపట్నం, గుడివాడ, కూచిపూడి, దివిసీమలను ఉదాహరణగా తీసుకోవడమైనది.

డెల్టాలో చరవాణి

భారతదేశంలో మొదటి చరవాణి సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్‌లో (నేటి తెలంగాణ కూడా ఇందులోనిదే) 1990లలో అనుమతి పొందిన సంస్థలు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. మొదటిది తరువాతి కాలంలో ఐడియాలోను, రెండవది ఎయిర్‌టెల్‌లోను కలిశాయి. ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్ 2002లో చరవాణి సేవలు ప్రారంభించింది.

ఈ మూడింటి జీఎస్ఎమ్ సేవలు 900 మెగాహెర్ట్జ్ తరంగాలపై నడిచేవి. ఈ తరంగాలు దూరం పోతాయి. కొండలు, గుట్టలు లేని డెల్టా భూమి వీటికి ఎంతో అనుకూలం. వరిపొలాల మధ్య నిలబెట్టిన ఒక టవరు చుట్టుపక్కల అనేక గ్రామాలకు సరిపోయేది. జీఎస్ఎమ్ పద్ధతిలో టవరుకు, ఫోనుకు మధ్య దూరం సాధారణంగా 35 కిలోమీటర్లు మించరాదు. ఇది సంకేతపు బలానికి సంబంధించిన హద్దు కాదు, సంకేతం చేరటానికి పట్టే సమయాన్ని సరిదిద్దే లెక్కలోని హద్దు. అయితే మాట వినబడినంత మాత్రాన అంతర్జాలం చక్కగా అందినట్లు కాదు. ఒకే టవరు ఎక్కువ ఊళ్ళకు సేవ చేస్తున్నదంటే, దాని కొద్దిపాటి సామర్థ్యాన్ని ఎక్కువమంది పంచుకుంటున్నారని కూడా అర్థం.

వేగాల లెక్క

జీఎస్ఎమ్‌లో ఒక వాహక తరంగం వెడల్పు 200 కిలోహెర్ట్జ్. దానిని కాలాన్ని బట్టి ఎనిమిది వాటాలుగా విభజిస్తారు. ఒక సంభాషణకు ఒక వాటా. ఎవరూ మాట్లాడని వాటాలను సమాచారానికి ఇవ్వటమే జీపీఆర్‌ఎస్. అప్పటి ఫోన్లలో చాలావాటికి దిగుమతి కొరకు గరిష్ఠంగా నాలుగు వాటాలు దొరికేవి. వాడుకలో ఉన్న రెండవ సంకేత పద్ధతిలో వాటాకు సెకనుకు 13.4 కిలోబిట్ల చొప్పున మొత్తం 53.6 కిలోబిట్లు. ఎడ్జ్ పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి ఒక బిట్టుకు బదులు మూడు బిట్లు ఎక్కిస్తారు. ఆ విధంగా వాటాకు 59.2, నాలుగు వాటాలకు 236.8 కిలోబిట్ల వరకు రాగలవు. ఇది టవరు దగ్గర నిలబడి, మరెవ్వరూ వాడనప్పుడు మాత్రమే. సాయంత్రం వేళ సంభాషణలు పెరిగినకొద్దీ వాటాలు మాటలకు పోయి, సమాచారానికి ఒకటో రెండో మిగిలేవి.

300 కిలోబైట్ల వార్తాపుటను తీసుకుందాం. జీపీఆర్‌ఎస్ పూర్తి వేగంతో దానికి దాదాపు 45 సెకన్లు, ఎడ్జ్ పూర్తి వేగంతో 10 సెకన్లు పట్టాలి. వాస్తవంలో ఇంకా ఆలస్యమయ్యేది. ఫోను అడిగిన ప్రశ్న సర్వరుకు పోయి జవాబు తిరిగి రావటానికే జీపీఆర్‌ఎస్‌లో అర సెకను నుండి ఒక సెకను వరకు పట్టేది. పుటలో ముప్పై బొమ్మలుంటే ఇటువంటి రాకపోకలు ముప్పై. వేగం అనగానే కిలోబిట్లను మాత్రమే లెక్కించటం పరిపాటి, కాని ఆనాటి వాడుకరిని ఎక్కువగా విసిగించినది ఈ నిరీక్షణే.

ఖర్చు కూడా తక్కువేమీ కాదు. నెలవారీ పథకం వేయించుకోనివారికి 10 కిలోబైట్లకు 10 పైసలు అన్నది చాలాకాలం వాడుకలో ఉన్న ధర. పైన చెప్పిన పుట ఒక్కటి తెరిస్తే మూడు రూపాయలు. అదీగాక చాలా సంస్థలు రెండు రకాల ప్రవేశ మార్గాలు నడిపేవి. చౌకైన మార్గం ఆ సంస్థ సొంత పోర్టల్‌కు మాత్రమే దారి చూపేది. పాటలు, బొమ్మలు, రింగ్‌టోన్లు అమ్మే చోటు అది. బయటివారి అనువర్తనాలు పనిచేయాలంటే రెండవ మార్గపు సెట్టింగులను విడిగా తెప్పించుకొని ఫోనులో నిలుపుకోవలసి వచ్చేది.

రిలయన్స్, టాటా ఇండికామ్‌ల సీడీఎమ్‌ఏ ఫోన్లది మరొక కథ. వాటి వేగం సెకనుకు 153.6 కిలోబిట్ల వరకు ఉండేది. జీపీఆర్‌ఎస్ కంటే ఎంతో మెరుగు. కాని ఆ ఫోన్లు సంస్థకు కట్టుబడినవి. రిలయన్స్ ఫోనులో "ఆర్ వరల్డ్" అన్న సంస్థవారి సొంత జాబితాలో ఉన్నవే అనువర్తనాలు. ఈ విధంగా వేగమున్న ఫోనుకు అనువర్తనాల స్వేచ్ఛ లేదు, స్వేచ్ఛ ఉన్న ఫోనుకు వేగం లేదు.

అక్షరాలు డబ్బాలగుట

యూనీకోడులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినవి. ఒక్కొక్క సంకేతం యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకొంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒకటే బైటు. "కూచిపూడి" అన్న మాట కంటికి నాలుగు అక్షరాలే గాని గుణింతపు గుర్తులతో కలిపి ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. తెలుగు వికీపీడియాలోని కూచిపూడి వ్యాసానికి లంకె ఇవ్వదలచినప్పుడు ఒక్కొక్క బైటు మూడు ఇంగ్లీషు గుర్తులుగా మారి, ఆ ఒక్క మాటే 72 గుర్తులవుతుంది. చిరునామాలోని మిగతా భాగం 29 గుర్తులు. మొత్తం 101. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌కు హద్దు 160 గుర్తులు కాబట్టి లంకె సరిపోతుంది. దాని ప్రక్కన ఒక్క తెలుగు అక్షరం చేర్చినా సందేశం మొత్తం వేరొక సంకేత పద్ధతికి మారి హద్దు 70కి పడిపోతుంది. అప్పుడు సందేశం రెండు ముక్కలు, రుసుము కూడా రెండింటికి. సంక్షిప్త సందేశాలలో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసే అలవాటు పాతుకొనిపోవటానికి ఇదొక కారణమని చెప్పవచ్చును.

చదవటంలో రెండు అడ్డంకులున్నాయి. ఫోనులో తెలుగు ఖతి లేకుంటే ప్రతి సంకేతానికి ఒక ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ఖతి ఉన్నా, అక్షరాలను కూర్చే ఏర్పాటు లేకుంటే ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. "కృష్ణా" అన్న పేరులో ణ-వత్తు కిందికి దిగక, ష తరువాత పొల్లు, ఆ తరువాత పూర్తి ణకారం వరుసగా నిలబడతాయి. ఆండ్రాయిడ్ తొలి రూపాంతరాలలో కొందరు ఔత్సాహికులు వ్యవస్థ తాళాన్ని విడగొట్టి తెలుగు ఖతిని చొప్పించేవారు. డబ్బాలు పోయేవి గాని ఒత్తులు కుదిరేవి కావు. విచిత్రమేమంటే అదే కాలంలో నోకియా అమ్మిన కొన్ని చౌకరకం ఫోన్లలో తెలుగు మెనూలు ఉండేవి. ఖరీదైన ఫోను కొన్నవారికే తెలుగు కరువు.

ఒపేరా మిని

నార్వేకు చెందిన ఒపేరా సంస్థ 2006 జనవరిలో ప్రపంచమంతటికీ విడుదల చేసిన ఒపేరా మిని బ్రౌజరు ఈ పరిస్థితిని చాలావరకు మార్చినది. ఈ బ్రౌజరు పుటను నేరుగా తెచ్చుకోదు. సంస్థ సర్వరే పుటను తెరచి, బొమ్మలను కుదించి, మొత్తాన్ని ఒకే మూటగా కట్టి ఫోనుకు పంపుతుంది. పరిమాణం పదింట ఒక వంతుకు కూడా తగ్గేది. ముప్పై రాకపోకల స్థానంలో ఒకటి రెండు సరిపోయేవి. మన 300 కిలోబైట్ల పుట 40కి తగ్గిందనుకుంటే జీపీఆర్‌ఎస్‌లో ఆరు సెకన్లు, ఖర్చు 40 పైసలు.

తెలుగువారికి అంతకంటె ముఖ్యమైన సదుపాయం ఒకటి దీనిలో మరుగున ఉండేది. చిరునామా పెట్టెలో కాన్ఫిగ్ అన్న ఆదేశం వ్రాసి, తెరుచుకున్న జాబితా చివర సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఖతులు వాడుమన్న ఐచ్ఛికానికి "అవును" అని పెడితే, సర్వరే తెలుగు అక్షరాలను కూర్చి బొమ్మలుగా పంపేది. ఫోనులో ఖతి అక్కరలేదు. తెలుగు బ్లాగరుల మధ్య, వికీపీడియనుల మధ్య ఈ చిట్కా నోటిమాటగా వ్యాపించింది. ఎన్నో ఫోన్లలో మొదటిసారి తెలుగు కనిపించినది ఈ విధంగానే.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉన్నది. అక్షరాలు బొమ్మలైనందువలన తెలుగు పుట మరల బరువెక్కేది. వేగం కొరకు పుట్టిన బ్రౌజరే తెలుగు పుటను ఇంగ్లీషు పుట కంటే నెమ్మదిగా తెరిచేది. అందువలన చాలామంది ఈ ఐచ్ఛికాన్ని అవసరమైనప్పుడు పెట్టి, తరువాత తీసివేసేవారు. బొమ్మగా వచ్చిన మాటను నకలు చేసుకొనే వీలు లేదు. మరొక విషయం, సురక్షితమైన పుటలు కూడా ఒపేరా సర్వరులో విప్పబడి వచ్చేవి కాబట్టి బ్యాంకు పనులకు ఇది తగినది కాదు.

అనువర్తనం ఫోనులోకి చేరటానికి జాలం ఎల్లప్పుడూ అవసరమయ్యేది కాదు. జావా దస్త్రాలు కొన్ని వందల కిలోబైట్లు మించవు. బ్లూటూత్ ద్వారా స్నేహితుని ఫోను నుండి తీసుకోవచ్చును, లేదా పాటలతోపాటు మెమరీ కార్డులోకి ఎక్కించే సెల్ దుకాణంలో వేయించుకోవచ్చును. క్రెడిట్ కార్డు అడిగే అధికారిక దుకాణాల కంటే డెల్టాలోని చిన్న పట్టణాల వాడుకరికి ఇదే అనువైన దారి. సింబియన్‌లో మాత్రం ఎస్60 మూడవ సంచిక (2006) నుండి సంతకం లేని అనువర్తనాలను ఫోను నిరాకరించటంతో చిన్న తయారీదారులు, వాడుకరులు ఇబ్బంది పడ్డారు.

దినపత్రికలు

ఒపేరా మిని కూడా చదవలేని తెలుగు ఒకటుండేది. ఈనాడు మొదలైన పత్రికల జాలస్థలులు చాలాకాలం యూనీకోడు కాక సొంత ఖతులను వాడాయి. కంప్యూటరులో అయితే ఫైర్‌ఫాక్స్‌కు "పద్మ" అన్న పొడిగింత జతచేసి ఆ పాఠ్యాన్ని యూనీకోడులోకి మార్చుకొనే వీలుండేది. ఫోనులో అటువంటిది లేదు. 2009లో ఎటర్నో ఇన్ఫోటెక్ సంస్థ విడుదల చేసిన న్యూస్‌హంట్ అనువర్తనం భారతీయ భాషల పత్రికలను తానే సేకరించి, ఫోనుతో సంబంధం లేకుండా అక్షరాలను తానే చూపేది. ఎడ్జ్ వేగానికి తగినట్లు వార్తను బొమ్మల బరువు లేకుండా అందించేది. దీనిని 2012లో వెర్సె ఇన్నోవేషన్ సంస్థ కొన్నది, 2015లో పేరు డైలీహంట్‌గా మారింది.

వ్రాయటం

చదవటం కంటె వ్రాయటం కష్టం. జావా అనువర్తనం ఫోను కీబోర్డును మార్చలేదు, తన పరిధిలోనే వ్రాయనిస్తుంది. ఆండ్రాయిడ్ 1.5 (2009 ఏప్రిల్) బయటివారి కీబోర్డులను అనుమతించటం ఒక మలుపు. పాణిని కీప్యాడ్, మల్టీలింగ్, ఐఐటీ బొంబాయివారి స్వరచక్ర వంటివి ఈ దారిన వచ్చినవే. ఐఫోనులో ఈ అనుమతి 2014లో ఐఓఎస్ 8తో గాని రాలేదు. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఖతి, అక్షరాల కూర్పు 2012లో వచ్చిన 4.1 రూపాంతరంతో చేరాయి. కొందరు తయారీదారులు అంతకు ముందే తమ ఫోన్లలో స్వయంగా చేర్చుకున్నారు.

3జి రాక

2007 జూన్‌లో వచ్చిన మొదటి ఐఫోనులో ఎడ్జ్ మాత్రమే ఉండేది, బయటివారి అనువర్తనాలకు చోటు లేదు. 2008 జూలైలో ఆప్ స్టోర్, ఐఫోన్ 3జి వచ్చాయి. భారతదేశంలో ఆ ఫోను 2008 ఆగస్టు 22న అమ్మకానికి వచ్చేనాటికి దేశంలో 3జి సేవలే లేవు. పేరులో 3జి పెట్టుకొన్న ఫోను ఎడ్జ్ మీదనే నడిచింది. ప్రభుత్వ సంస్థలు ఎమ్‌టీఎన్‌ఎల్ 2008 డిసెంబరులో, బీఎస్ఎన్ఎల్ 2009లో 3జి ప్రారంభించాయి. ప్రైవేటు సంస్థలకు 2010 ఏప్రిల్, మే నెలలలో వేలం జరిగింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్ తలా రూ. 1,373.14 కోట్లకు 3జి తరంగాలు దక్కించుకున్నాయి.

ఈ తరంగాలు 2100 మెగాహెర్ట్జ్‌వి. 900 మెగాహెర్ట్జ్ అంత దూరం పోవు, గోడలను అంతగా చొచ్చుకొనిపోవు. పాత టవరుకే కొత్త పరికరం బిగిస్తే పట్టణం నడుమ వేగం వచ్చేది గాని, పొలాల అంచున ఉన్న ఊరిలో ఫోను మళ్ళీ ఎడ్జ్‌కు జారిపోయేది. టవరు నుండి ఎక్స్ఛేంజీకి పోయే దారి ఇరుకైనా ఇదే ఫలితం. పాత టవర్లకు చాలాచోట్ల 2 మెగాబిట్ల లైన్లే ఆధారం. 7.2 మెగాబిట్లని ప్రకటించిన సేవ అటువంటి లైనుపై అంత వేగం ఇవ్వలేదు.

దూరం పోయే తక్కువ పౌనఃపున్యంపై, 850 మెగాహెర్ట్జ్‌లో కూడా 4జి నడిపిన జియో 2016 సెప్టెంబరు 5న సేవలు ప్రారంభించింది. తరువాత ధరలు కూలిపోయి, పుటను కుదించవలసిన అవసరం చాలావరకు తీరిపోయింది. ఎయిర్‌సెల్ 2018లో మూతపడింది. ఐడియా అదే సంవత్సరం వొడాఫోన్‌తో కలిసింది.

2016లో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333 మూడవ భాగాన్ని వెలువరించింది. దాని ప్రకారం దేశంలో అమ్మే చరవాణులు రాజ్యాంగంలోని 22 భాషలను చదివేందుకు చూపగలగాలి. వ్రాయటానికి ఇంగ్లీషు, హిందీ, వాటితోపాటు మరొక భారతీయ భాష ఉంటే చాలును. ఆ మూడవ భాష తెలుగే కావాలన్న నియమం అందులో లేదు.