గాత్రానికి నిండుదనం: ధ్వనిముద్రణ చరిత్రలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పాటను గురించి రాసేటప్పుడు తెలుగు విమర్శ సాధారణంగా మూడు అంశాలను పరిగణిస్తుంది: కవి రచన, స్వరకర్త బాణీ, గాయకుల గాత్రం. అయితే రికార్డులో వినిపించే గాత్రం గొంతు నుండి నేరుగా చెవికి చేరేది కాదు. ధ్వనిముద్రణశాలలో కొన్ని సంస్కారాలు పొందిన తరువాతే అది శ్రోతను చేరుతుంది. నిండుదనం, స్పష్టత అనే రెండు గుణాల కోసం 20వ శతాబ్దంలో జరిగిన ప్రయత్నాలను, వాటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. కొమ్ము నుండి మైక్రోఫోన్ వరకు

1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ పాటలను ముద్రించిన కాలానికి మైక్రోఫోన్ వాడుకలో లేదు. గాయకులు పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడేవారు. ఆ ధ్వనికి పలుచని పొర కంపించగా, దానికి అమర్చిన సూది మైనపు పలకపై గాడి గీసేది. ఈ పద్ధతిలో స్థూలంగా 2,500 హెర్ట్జ్‌కు పైబడిన కంపనాలు సరిగా నమోదయ్యేవి కావు. 'స'కారపు ధ్వనిశక్తి ప్రధానంగా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అందువల్ల ఆనాటి రికార్డుల్లో అచ్చులు వినిపించినంతగా ఊష్మాలు వినిపించవు. అటువంటి రికార్డు విని పాఠాన్ని నిర్ణయించేవారు శ, ష, స ల విషయంలోని అస్పష్టతను వెంటనే గాయకుల ఉచ్చారణదోషంగా భావించకూడదు. అది యంత్రపు పరిమితి కావచ్చు.

1925లో విక్టర్, కొలంబియా సంస్థలు వెస్ట్రన్ ఎలక్ట్రిక్ రూపొందించిన విద్యుత్ ముద్రణపద్ధతిని స్వీకరించాయి. నమోదయ్యే కంపనాల పరిధి రెండు వైపులా విస్తరించింది. గొంతెత్తవలసిన అవసరం తగ్గడంతో బింగ్ క్రాస్బీ వంటివారి మృదుగానం సాధ్యమయింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలయింది. అంటే తెలుగు సినిమాపాట పుట్టుకతోనే మైక్రోఫోన్ పాట.

3. ప్రతిధ్వని సంస్కారం

మైక్రోఫోన్‌కు దగ్గరగా పాడినప్పుడు మాట స్పష్టంగా వినిపిస్తుంది. కాని గది గోడల నుండి వచ్చే అనురణనం తగ్గి గాత్రం పొడిగా తోస్తుంది. దీనికి పరిష్కారంగా ముద్రితధ్వనిని ఖాళీ గదిలో స్పీకరు ద్వారా వినిపించి, అక్కడి ప్రతిధ్వనిని మరో మైక్రోఫోన్‌తో గ్రహించి అసలు ధ్వనిలో కలిపేవారు. 1947లో షికాగోలో బిల్ పుట్నం హార్మోనికాట్స్ అనే బృందపు ముద్రణకు స్టూడియో స్నానాలగదినే ఇందుకు ఉపయోగించాడు. 1957లో జర్మనీకి చెందిన ఇ.ఎం.టి. సంస్థ గదికి బదులు వేలాడదీసిన పెద్ద ఉక్కురేకును కంపింపజేసే 140 అనే పరికరాన్ని తెచ్చింది. అయితే ప్రతిధ్వని మోతాదు మించితే ఒక అక్షరపు తోక తరువాతి అక్షరాన్ని కప్పివేస్తుంది.

4. జంటగాత్రం

ఒకే గాయని ఒకే చరణాన్ని రెండుసార్లు పాడితే శ్రుతిలోనూ కాలంలోనూ స్వల్పభేదం తప్పదు. ఆ రెండింటినీ కలిపి వింటే ఒకే గాత్రం బలంగా వినిపిస్తుంది. లెస్ పాల్, మేరీ ఫోర్డ్ దంపతులు 1951 నాటి రికార్డుల్లో ఒకే గొంతును పొరలుపొరలుగా పేర్చి ఈ పద్ధతికి ప్రచారం కల్పించారు. సుమారు 30 మిల్లీసెకన్లలోపు వచ్చే పునరుక్తిని చెవి వేరే ధ్వనిగా గుర్తించదని హెల్ముట్ హాస్ 1949లో నిరూపించాడు.

మళ్ళీమళ్ళీ పాడటం జాన్ లెనన్‌కు విసుగు కలిగించడంతో, 1966లో లండన్ ఈ.ఎం.ఐ. స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ రెండవ టేపుయంత్రం ద్వారా అదే గాత్రాన్ని స్వల్పవ్యవధితో తిరిగి కలిపే పద్ధతిని కనుగొన్నాడు. ఇక్కడ కూడా లాభంతోపాటు నష్టం ఉంది: రెండు పొరలు కచ్చితంగా కలవనిచోట హల్లుల అంచులు మసకబారతాయి.

5. హెచ్చుతగ్గుల నియంత్రణ

పెద్దగా పలికిన భాగాన్ని తగ్గించి, మొత్తం స్థాయిని పెంచడం ద్వారా మెల్లని అక్షరాలను వాద్యాల నడుమ వినిపింపజేసేది కంప్రెసర్. 1967లో వచ్చిన 1176 నమూనా సెకనులో 50,000వ వంతు వ్యవధిలోనే స్పందించగలిగింది. మాట స్పష్టమయింది. గాయకులు భావానుగుణంగా పాటించిన హెచ్చుతగ్గులు మాత్రం కొంత చదునయ్యాయి.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నిండుదనాన్నిచ్చే ప్రతిధ్వని, జంటగాత్రం రెండూ మితిమీరితే స్పష్టతను హరిస్తాయి. స్పష్టతనిచ్చే నియంత్రణ భావభేదాలను తగ్గిస్తుంది.
2. కనుక రికార్డులోని గాత్రం గాయకుల, ధ్వనిముద్రణ నిపుణుల ఉమ్మడి కృషి.
3. ఉచ్చారణ, భావప్రకటన విషయంలో రికార్డును ఆధారంగా స్వీకరించే పరిశోధన, అది ఏ కాలపు ఏ పద్ధతిలో ముద్రితమయిందో ముందుగా నిర్ణయించుకోవాలి. ప్రతిపదార్థానికి ముందు పాఠపరిష్కరణ ఎంత అవసరమో, శ్రవ్యపాఠానికి ఈ విచారణ అంత అవసరం.