కెమెరా ముందు నిలబడ్డోళ్లం, ఇక వెనక నిలబడదాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య ఒక సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ నా చేతికొచ్చింది. మొదటిరోజే మైపాడు బీచ్‌కి తీసుకుపోయి, వల విసురుతున్న మా మామను ఫోటో తీశాను. సముద్రం బాగా వచ్చింది, ఇసక బాగా వచ్చింది. మామ ముఖం మాత్రం నల్ల మచ్చలాగా పడింది, కళ్లు కూడా కనపడలా. "నన్ను తీసినావా, నా నీడను తీసినావారా?" అని నవ్వాడు. ఎందుకిలా అయిందని వెతుకుతూ పోతే, కెమెరా పాఠం కాస్తా మన చరిత్ర పాఠం అయింది.

కెమెరా మన దగ్గరికి కొత్తగా రాలేదు. ఫోటోగ్రఫీ 1839లో లోకానికి తెలిసింది. 1856కే మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ పెట్టారు. 1868 నుంచి 1875 మధ్య బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలు అచ్చువేసింది. దేశంలోని కులాలను, తెగలను ఫోటోలు తీసి వరసగా పేర్చిన పుస్తకం అది. పాలించేవాడికి పాలితుల జాబితా కావాలి కదా!

మన యానాదుల గురించి వివరంగా రాసింది ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్. కె. రంగాచారితో కలిసి 1909లో 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' 7 సంపుటాలు తెచ్చాడు. ఏడో సంపుటిలో మనమున్నాం. ఆయన కెమెరాతోపాటు ముక్కు వెడల్పు, తల పొడవు కొలిచే పరికరాలు కూడా వెంట తీసుకుపోయేవాడు. వయనాడ్‌లో పణియ స్త్రీలు ఆయన్ని చూసి పారిపోయారంట. తమని చంపి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారని ఆయనే రాసుకున్నాడు. ఆయనకది తమాషా. ఆ అక్కల భయంలో తెలివి ఉందని నాకు అనిపిస్తది. ఎందుకంటే ఆ పుస్తకంలోని ఫోటోల కింద ఎక్కువగా మనిషి పేరు ఉండదు, తెగ పేరే ఉంటది. ముఖం ఉంది, మనిషి లేడు.

ఆ పుస్తకం వచ్చిన రెండేళ్లకే 1911 నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1871 నాటి చట్టం మొదట ఉత్తర భారతానిది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల సోదరులతోపాటు మనవాళ్లలో కొందరు కూడా దాని కింద నలిగారు. రిజిస్టర్‌లో పేరు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప అట్లాంటి సెటిల్మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. థర్‌స్టన్ పుస్తకంలో మనిషికి పేరు లేదు, పోలీసు రిజిస్టర్‌లో పేరుంది. రెండుచోట్లా రాసినోడు మాత్రం మనోడు కాదు.

శ్రీహరికోట సంగతి చూడండి. తరాలుగా మనవాళ్లు అడవి సరుకు ఏరుకుని బతికిన దీవి. రాకెట్ కేంద్రం కోసం ఖాళీ చేయించారు. 1971 అక్టోబర్ 9న అక్కడినుంచి మొదటి రాకెట్ లేచింది. రాకెట్ల ఫోటోలు అందరం చూస్తాం. ఆ దీవిలో మన అవ్వాతాతల గుడిసెల ఫోటో మీలో ఎవరింట్లో అయినా ఉందా?

ఉండకపోవడానికి కారణం డబ్బే. 1991లో కోడాక్ అమ్మిన మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్ 1.3 మెగాపిక్సెల్. ధర 20 వేల డాలర్ల పైమాటే. 2003లో కానన్ 300డి వచ్చాక గానీ ధర వెయ్యి డాలర్ల లోపుకి దిగలేదు. ఇప్పుడు జనం ఫోన్లకీ, మిర్రర్‌లెస్‌కీ పోతున్నారు కాబట్టి పాత డీఎస్ఎల్ఆర్ మనలాంటోళ్లకీ అందుతోంది.

ఇక మామ ముఖం ఎందుకు నల్లబడిందంటే, కెమెరా లోపలి మీటర్ ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిదరంగు అనుకుంటది. తెల్ల ఇసక, మెరిసే నీళ్లు చూసి, వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తది. ఆ తగ్గింపులో నల్లటి ముఖం మునిగిపోతది. ఫిల్మ్ కాలంలో ఇంకో అన్యాయం కూడా ఉంది. కోడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోను ఒక తెల్లమ్మాయి ఫోటో కార్డు వాడేవాళ్లు, 'షర్లీ కార్డు' అనేవాళ్లు. చాక్లెట్లు, చెక్క సామాన్ల కంపెనీలు మా సరుకు రంగు సరిగా రావట్లేదని గోల చేశాకే ఫిల్మ్ బాగుపడిందని ఆ కంపెనీలో పనిచేసినోళ్లే తర్వాత చెప్పారు. నల్లటి మనుషులు చెప్పినా పట్టలేదు, చాక్లెట్ చెప్తే పట్టింది!

నేను నేర్చుకున్నది ఇదీ: ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1కి పెట్టండి, లేదా స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖం మీద కొలవండి. ఆకాశం తెల్లబడితే పడనీయండి, మనిషి కనపడాలి. వల గాల్లో విచ్చుకునేది ఆగినట్టు రావాలంటే షట్టర్ స్పీడ్ 1/1000. గుడిసె లోపలైతే అపర్చర్ నంబర్ తగ్గించి, ఐఎస్ఓ 1600 దాకా పెంచండి. ఒడ్డున లెన్స్ మార్చొద్దు, ఇసక, ఉప్పుగాలి లోపలికి పోతాయి. ఇంటికొచ్చి మెత్తటి గుడ్డతో తుడవండి.

అన్నిటికంటే ముందు, తీయొచ్చా అని అడగండి. మనవాళ్లే కదా అని అడక్కుండా తీస్తే థర్‌స్టన్‌కీ మనకీ తేడా ఏముంది? తీశాక వాళ్లు ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ, చేస్తున్న పని రాసి పెట్టుకోండి. ఒక ప్రింటు వాళ్ల చేతికివ్వండి.

మామని మళ్లీ తీశాను, ప్లస్ 1 పెట్టి. ఈసారి కళ్లు, నెరిసిన మీసం, చేతి మీద వలతాడు కోసిన గీతలు అన్నీ వచ్చాయి. వెనకాల పేరు, తేదీ రాసి ఇచ్చాను. గోడకి తగిలించుకున్నాడు. మీ కాలనీలో ముసలోళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి. వాళ్లతోనే మొదలుపెడదాం. నా పోస్టులో తప్పులుంటే సరిచేయండి.